మతాల అధ్యయనం: హైదరాబాదులో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ నగరంలో మతాల అధ్యయనం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా దాదాపు అవే ప్రశ్నలు ఎదురవుతుంటాయి. డిగ్రీ ముగించి పైచదువు ఎంచుకుంటున్న విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, అప్పుడప్పుడు గుళ్లలోనో దర్గాల దగ్గరో పలకరించే పెద్దలు అడిగినవాటిలో ముఖ్యమైనవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. కొన్నింటికి నాలుగు వాక్యాలు సరిపోయాయి, కొన్నింటికి సరిపోలేదు.

మతాల అధ్యయనం అంటే మతబోధనేనా?

కాదు. మతబోధనలో గురువూ శిష్యుడూ ఒకే సంప్రదాయం లోపల కూర్చుని, దానిని మరింత బాగా ఆచరించడం కోసం నేర్చుకుంటారు. వేదపాఠశాలలో, మదరసాలో, క్రైస్తవ వేదాంత కళాశాలలో జరిగేది అదే. దాని విలువ దానికి ఉంది. మతాల అధ్యయనంలో మాత్రం ఒక సంప్రదాయాన్ని పాటించేవారు ఏమి చేస్తారు, ఏమి చెబుతారు, ఆ చేతలూ మాటలూ ఎప్పుడు, ఎవరివల్ల, ఎటువంటి పరిస్థితుల్లో ఆ రూపం దాల్చాయి అన్నవే ప్రశ్నలు. ఆ సంప్రదాయం సత్యమా కాదా అన్నది ఈ పరీక్షాపత్రంలో రాని ప్రశ్న.

ఈ తేడాను మన చట్టం కూడా గుర్తించింది. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతుంది. పాఠశాలల పాఠ్యప్రణాళికలో మతాలను గురించిన విషయాలు చేర్చడం ఈ అధికరణకు విరుద్ధమన్న వాదన సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, మతాలను గురించి తెలుసుకోవడం వేరు, మతాన్ని బోధించడం వేరు అని 2002లో న్యాయస్థానం తేల్చింది. అమెరికా సుప్రీంకోర్టు 1963లో, ప్రభుత్వ పాఠశాలల్లో బైబిల్ పఠనాన్ని కొట్టివేస్తూనే, ఇంచుమించు ఇదే గీత గీసింది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఈ శాఖలు పెద్దయెత్తున పెరిగింది ఆ తర్వాతనే.

'మతం' అన్న మాటకు మొదటినుంచీ ఇదే అర్థం ఉందా?

లేదు, ఈ శాస్త్రంలో అడుగుపెట్టేవారు ముందుగా ఆలోచించవలసినది ఈ మాట గురించే. సంస్కృతంలో 'మతం' అంటే తలచినది, అంటే అభిప్రాయం. సమ్మతం, అభిమతం అన్న మాటల్లో ఆ అర్థం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మన లక్షణగ్రంథాల (వ్యాకరణ, ఛందోగ్రంథాల) చర్చల్లో 'అప్పకవి మతం' అంటే ఆ విషయంలో అప్పకవి అభిప్రాయం అనే తప్ప ఆయన ఏ దేవుణ్ణి కొలిచాడన్నది కాదు. అద్వైత మతం, ద్వైత మతం అన్నప్పుడు కూడా ఒక ఆచార్యుడు స్థాపించిన సిద్ధాంతమనే భావమే ముందు నిలుస్తుంది. ఒకే దేవుణ్ణో ఒకే గ్రంథాన్నో నమ్మే జనసమూహం మొత్తానికి పేరుగా ఈ మాట స్థిరపడడం ఆధునిక కాలపు సంగతి. దానికి పూర్వం మన ప్రాంతాల్లో సమయం, దర్శనం వంటి మాటలు వాడుకలో ఉండేవి. జైనులకూ వైష్ణవులకూ వచ్చిన తగవును విజయనగర రాజు బుక్కరాయలు తీర్చినట్లు చెప్పే 1368 నాటి శ్రవణబెళగొళ శాసనంలో కనిపించేది 'దర్శనం' అన్న మాటే.

చిత్రమేమిటంటే పాతబస్తీ ఉర్దూలో వినిపించే 'మజహబ్' కథ కూడా ఇటువంటిదే. అరబ్బీలో ఆ మాటకు నడిచే దారి అని మూలార్థం, హనఫీ, షాఫీ వంటి న్యాయసంప్రదాయాలకు అది పేరు. ఉర్దూలో అది మతమంతటికీ పర్యాయపదమయింది. ఒకచోట అభిప్రాయం, మరొకచోట దారి, రెండూ చివరికి ఒకే ఆంగ్ల పదానికి సమానార్థకాలుగా జనాభా లెక్కల పట్టికలోకి చేరాయి. ఆ ఆంగ్ల పదం మాత్రం ఎప్పుడూ స్థిరంగా ఉందా అంటే అదీ లేదు. కెనడా పండితుడు విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1962లో ప్రచురించిన గ్రంథంలో, దానికి నేడున్న అర్థం యూరపులో గత కొద్ది శతాబ్దాల్లో ఏర్పడిందేనని చూపి, ఆ మాటను వదిలేయడమే మేలని కూడా వాదించాడు. ఎవరూ వదల్లేదు. నేనూ వదలడం లేదు, ఇంతకన్నా వీలైన మాట దొరకలేదు కనుక. అయితే దానిని వాడే ప్రతిసారీ, ఈ మాట ఈ విషయానికి ఎంతవరకు సరిపోతున్నదని చూసుకోవడం ఈ చదువులో అలవాటుగా మారాలి.

ఇది పాశ్చాత్యులు కనిపెట్టిన శాస్త్రం కదా, మనకెందుకు?

విశ్వవిద్యాలయాల్లో ఒక శాఖగా ఇది పంతొమ్మిదో శతాబ్దపు యూరపులో మొదలైన మాట నిజమే. ఆక్స్‌ఫర్డులో స్థిరపడిన జర్మన్ పండితుడు మాక్స్ ముల్లర్ 1870లో లండనులో ఇచ్చిన ఉపన్యాసాలను ఈ శాస్త్రానికి నాందిగా చెబుతారు. ఒక్క మతమే తెలిసినవాడికి ఏ మతమూ తెలియనట్లే అని ఆయన అన్న మాట ఇప్పటికీ మొదటి పాఠంలోనే వినిపిస్తుంది. ఆయన సంపాదకత్వంలో 1879లో ప్రారంభమై, ఆయన మరణానంతరం 1910లో పూర్తయిన ప్రాచ్య పవిత్ర గ్రంథమాల 50 సంపుటాలు. బైబిలును కూడా ఆ వరసలో చేర్చాలని ఆయన కోరుకున్నా ఆక్స్‌ఫర్డులో అందుకు ఒప్పుకోలేదు; అందరి గ్రంథాలనూ పరిశీలనకు పెట్టి తమదాన్ని మాత్రం పక్కన పెట్టుకోవడం అప్పటి ధోరణి. ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో సహా అచ్చువేయించిన ఆ మనిషి భారతదేశానికి ఒక్కసారీ రాలేదు.

ఇక ఇతరుల విశ్వాసాలను తెలుసుకుని నమోదు చేయాలన్న కుతూహలం యూరపుకే పరిమితమా అంటే, అందుకు సాక్ష్యం కోసం మనం ఎంతో దూరం వెళ్లనక్కరలేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో బండల మీద ఉన్న అశోకుని పన్నెండో శాసనం, తన వర్గాన్ని పొగుడుకోవడంలోనూ ఇతర వర్గాలను నిందించడంలోనూ మాట అదుపు పాటించాలని, ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలని చెబుతుంది. ఎనిమిదో శతాబ్దపు జైనాచార్యుడు హరిభద్రుడు ఆరు దర్శనాలను ఒకే గ్రంథంలో క్రమంగా వివరించాడు. పదిహేడో శతాబ్దంలో పారశీకంలో రచించిన 'దబిస్తానె మజాహిబ్' జొరాస్ట్రియనులనూ, హిందువులనూ, సిక్కులనూ, యూదులనూ వరసగా పరిచయం చేస్తుంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన ఉదాహరణ అల్‌బిరూనీ. గజనీ మహమూదు కాలంలో ఈ దేశానికి వచ్చి, సంస్కృతం నేర్చి, పతంజలి యోగసూత్రాలను అరబ్బీలోకి తెచ్చిన ఆ పండితుడు 1030 ప్రాంతంలో భారతదేశం గురించి పెద్ద గ్రంథం రాశాడు. ఇది వాదించి ఓడించడం కోసం రాసినది కాదని, హిందువులు చెప్పేదాన్ని చెప్పినట్లే పాఠకుల ముందు పెడుతున్నానని ఆయన మొదట్లోనే చెప్పుకున్నాడు. వెయ్యేళ్లనాటి ఆ అరబ్బీ గ్రంథాన్ని 1958లో హైదరాబాదులోనే అచ్చువేశారు. 1888లో స్థాపితమై, ప్రస్తుతం ఉస్మానియా ప్రాంగణంలో ఉన్న దాయిరతుల్ మారిఫ్ ఆ పని చేసింది. తార్నాక మీదుగా రోజూ వెళ్లేవారిలో చాలామందికి ఆ సంస్థ పేరైనా తెలియకపోవడం విచారకరం.

మరొక మాట. 1936 నుంచి 1952 వరకు ఆక్స్‌ఫర్డులో ప్రాచ్య మతాల ఆచార్య పీఠంలో కూర్చున్నవారు, అంతకు ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్.

పీర్ల పండుగ హిందువులదా, ముస్లిములదా?

ఈ ప్రశ్న నన్ను అడిగినవారిలో ఎక్కువమంది జవాబు ముందే మనసులో పెట్టుకుని అడిగారు. మొదట ఏమి జరుగుతుందో చూద్దాం. మొహర్రం నెలలో కర్బలా వీరుల స్మృతిగా నిలిపే ఆలంలను, అంటే ధ్వజాలను, తెలంగాణ పల్లెల్లో పీర్లు అంటారు. వాటికి దట్టీలు కడతారు, ఊదు వేస్తారు, మలీద పంచుతారు, అలావా తవ్వి నిప్పులు రాజేసి దాని చుట్టూ ఆడతారు. ముస్లిం కుటుంబం ఒక్కటీ లేని ఊళ్లలో కూడా ఇదంతా జరుగుతుంది. మొక్కుకున్నవారు తమ పిల్లలకు పీర్ల పేర్లు పెట్టుకుంటారు. అదే సమయంలో పాతబస్తీలో, డబీర్‌పురా బీబీకా అలావా నుంచి ఆషురా నాడు, అంటే మొహర్రం పదో రోజున, ఏనుగు మీద బీబీకా ఆలం కదిలినప్పుడు, షియా భక్తులకు అది శోకదినం, గుండెలు బాదుకుంటూ మాతం చేసే దినం. వారిని 'పండుగ బాగా జరిగిందా' అని అడగడం సభ్యత కాదు. కుతుబ్‌షాహీల కాలంలో, 1590ల్లో, మహమ్మద్ కులీ కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలోని రంగుల పలకల ముందు నిలబడితే, ఈ ఆచారానికి రాజ్యం ఎంతటి అండ ఇచ్చిందో అర్థమవుతుంది.

ఒకే ఆలం, ఒకే పది రోజులు, ఒకచోట శోకం, మరొకచోట జాతర. కనుక 'ఎవరిది' అన్న ప్రశ్న కన్నా, ఎక్కడ, ఎవరు, ఏమనుకుంటూ ఏమి చేస్తున్నారన్న ప్రశ్న మనకు ఎక్కువ చెబుతుంది. 'హిందూ ముస్లిం సమైక్యతకు నిదర్శనం' అని ఒక్క వాక్యంలో తేల్చేయడం కూడా తొందరపాటే అవుతుంది, ఎందుకంటే ఊళ్లో పీరునెత్తే హక్కు ఎవరిది, డప్పు ఎవరు కొడతారు, ముడుపు ఎవరికి చేరుతుంది అన్నవాటిలో కులాల లెక్క కచ్చితంగా ఉంటుంది. పీర్ల ముందు భక్తులు కలిసి నడిచిన మాట నిజం, ఆ నడకలో ఎవరి చోటు ఎక్కడో ముందే నిర్ణయమై ఉన్న మాట కూడా నిజం. ఇటువంటి ఆచారాలు అచ్చమైన ఇస్లాం కాదని ముస్లిం పెద్దల్లో కొందరు, మనవి కావని హిందువుల్లో కొందరు అభ్యంతరం చెబుతుంటారు. ఆ అభ్యంతరాలు ఎప్పటినుంచి బలపడ్డాయన్నది కూడా పరిశోధకునికి అధ్యయన విషయమే.

పరిశోధకులు అసలు ఏ పద్ధతిలో పనిచేస్తారు?

సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి బోనాల మరునాడు జరిగే రంగం తీసుకుందాం. ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి, అమ్మవారి మాటగా రాబోయే ఏడాది వానలు, పంటలు, రోగాల గురించి చెబుతుంది.

చరిత్రకారుడు ముందు గుడి పుట్టుక కథ దగ్గరికి వెళతాడు. 1813లో సైన్యంతో ఉజ్జయినికి వెళ్లిన డోలీ మోసే సురిటి అప్పయ్య, ఇక్కడ గత్తర (కలరా) వ్యాపించిందని విని, తగ్గితే అమ్మవారిని ప్రతిష్ఠిస్తానని మొక్కుకున్నాడని, తిరిగివచ్చి 1815లో కొయ్య విగ్రహం నిలిపాడని ఆలయ సంప్రదాయం చెబుతుంది. వైద్యచరిత్రలో మాత్రం, మొదటి మహా గత్తర 1817లో బెంగాలులో మొదలై దేశమంతా పాకిందని ఉంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, కథ తప్పని కొట్టివేయడం సులభం, పనికిమాలినది కూడా. అంతకుముందు వచ్చిన స్థానిక వ్యాధేదో జనం నోట గత్తరగా నిలిచిందా, లేక తర్వాతి పెద్ద విపత్తు జ్ఞాపకం పాత మొక్కుకు అతుక్కుందా, ఆనాటి కంటోన్మెంటు కాగితాల్లో ఏముంది అన్నవి ఆయన ముందున్న పనులు.

సమాజశాస్త్రవేత్త చూపు గుంపు మీద ఉంటుంది. ఫ్రాన్సు పండితుడు దుర్‌ఖేమ్ 1912లో, ఆచారాల్లో సమాజం తనను తాను సమావేశపరచుకుని తన బలాన్ని అనుభవిస్తుందని వాదించాడు. ఆయన ఆస్ట్రేలియా ఆదివాసుల గురించి రాసినదంతా ఆ ఖండం చూడకుండా రాసినదే, అయినా రంగం నాడు గుడి ముందు నిలబడినవారికి ఆయన మాట పూర్తిగా తోసిపుచ్చేదిగా అనిపించదు. జర్మనీకి చెందిన మాక్స్ వెబర్‌ను చదివినవారు అధికారం గురించి అడుగుతారు: మిగిలిన రోజుల్లో ఎవరూ పట్టించుకోని ఒక స్త్రీ మాటను ఆ ఒక్క గంట అధికారులూ నాయకులూ నిలబడి ఎందుకు వింటారు? 1902లో మతానుభవాల గురించి రాసిన అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ దారిలో వెళ్లేవారు, కుండమీద నిలబడినప్పుడు ఆమెకు లోపల ఏమవుతుందో తెలుసుకోగోరుతారు. భాషావేత్త ఆమె తెలుగును, పదేళ్ల రంగాల్లో మళ్లీ మళ్లీ వచ్చే వాక్యాలను రాసుకుంటాడు. ఆ కుండ చేసిన కుమ్మరి, ఘటం మోసేవారు, పోతురాజు వేసేవారు ఎవరన్నది మరొకరి విషయం.

ఇందులో ఏ ఒక్కటీ మిగిలినవాటిని రద్దు చేయదు. నాకు మాత్రం, గుంపునంతటినీ ఒకే సిద్ధాంతంతో వివరించేవారికన్నా, కుమ్మరి ఇంటికి వెళ్లి మట్టి ఎక్కడిదని అడిగేవారి మీదే నమ్మకం ఎక్కువ.

క్షేత్రంలో ఉండి చేసే పనికి మన రాష్ట్రంలోనే గొప్ప నమూనా ఉంది. ఆస్ట్రియాలో పుట్టిన హైమెన్‌డార్ఫ్ 1940ల్లో నిజాం రాజ్యంలో చెంచులతో, కొండరెడ్లతో, ఆదిలాబాదు గోండులతో ఏళ్ల తరబడి గడిపి, వారి దేవతల గురించీ పండుగల గురించీ విడివిడిగా గ్రంథాలు రాశాడు. భార్య బెట్టీ ఆయనతోపాటు క్షేత్రంలో పనిచేసింది. 1987లో ఆమె చనిపోయినప్పుడు మార్లవాయిలో గోండుల మధ్యనే సమాధి చేశారు.

దేవుడు ఉన్నాడో లేడో ఈ శాస్త్రం చెబుతుందా?

చెప్పదు. అది తత్త్వశాస్త్రం పని, వేదాంతం పని, లేదా మీ పని.

అన్ని మతాలూ ఒకే సత్యాన్ని చెబుతాయని నిరూపించడమే దీని లక్ష్యమా?

అది గౌరవించదగిన విశ్వాసం, కానీ ఈ శాస్త్రం దానిని ముందే ఒప్పుకుని మొదలుపెట్టదు. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో వివేకానందుడు పాశ్చాత్య దేశాలలో తాను చేయదలచిన కార్యం గురించి ప్రసంగించారు. ఆ సెప్టెంబరులోనే చికాగో సర్వమత సభలో మాట్లాడారు. ఆ సభ మతాలకు చెందినవారు తమ మతాల తరఫున మాట్లాడిన వేదిక. ఏడేళ్ల తర్వాత, 1900లో పారిస్‌లో జరిగిన మత చరిత్రల మహాసభ పండితులు మతాల గురించి మాట్లాడుకున్న వేదిక. ఈ రెండు సభల మధ్య ఉన్న దూరమే మీ ప్రశ్నకు జవాబు. పోలిక చూసేటప్పుడు సామ్యాలు ఎంత ముఖ్యమో తేడాలూ అంతే ముఖ్యం. ఉపవాసం రంజానులోనూ ఉంది, ఏకాదశికీ ఉంది, క్రైస్తవుల లెంటు దినాల్లోనూ ఉంది. కానీ ఒకచోట పగలంతా నీళ్లు కూడా ముట్టకపోవడం, మరొకచోట అన్నం మాని పండ్లు తినడం, ఇంకొకచోట మాంసం మానడం ఏ ఉద్దేశంతో జరుగుతున్నాయో అడగకుండా 'అంతా ఒకటే' అంటే, మూడింటిలో ఒక్కదాని గురించీ మనకు తెలిసినట్లు కాదు.

భక్తి ఉన్నవారు ఈ చదువు చదవవచ్చునా? నాస్తికుల సంగతి?

ఇద్దరూ చదవవచ్చు, ఇద్దరికీ ఇబ్బందులు తప్పవు. భక్తుడు తన ఇంటి ఆచారాన్ని సహజమైనదిగా, పక్కింటిదాన్ని వింతగా చూసే ప్రమాదం ఉంది. నాస్తికుడు రెంటినీ అజ్ఞానంగా చూసి, రెండు ప్రశ్నలు అడగవలసిన చోట ఒక్కటీ అడగకుండా వచ్చేసే ప్రమాదం ఉంది. ఇందాక చెప్పిన స్మిత్ ఒక కఠినమైన ప్రమాణం పెట్టాడు: ఒక మతం గురించి మనం చెప్పిన మాటను ఆ మతస్థులు 'అవును, ఇది మా సంగతే' అని గుర్తించగలగాలి. నేను దీనిని సగమే ఒప్పుకుంటాను. వర్ణనకు ఇది సరైన పరీక్ష. విశ్లేషణకు కాదు, ఆలయ భూముల చరిత్రనో, ఒక గ్రంథంలో తర్వాత చేరిన భాగాలనో చూపినప్పుడు ఎవరికైనా నొప్పి కలగవచ్చు, ఆధారం ఉన్నంతవరకు ఆ మాట చెప్పక తప్పదు.

జనాభా లెక్కలు చూస్తే ఎవరిది ఏ మతమో తెలిసిపోదా?

ఎవరు ఏ పేరు చెప్పారో తెలుస్తుంది. 2011 లెక్కల పట్టికల్లో ఆరు మతాలకు విడిగా పేర్లున్నాయి, మిగిలినవన్నీ 'ఇతరములు'. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశీయులు చేసే పూజలు ఆ గళ్లలో దేనిలో పడతాయో గణకుడి కలం నిర్ణయిస్తుంది. గుడికి వెళ్లి, జేపీ (జహంగీర్ పీర్) దర్గాలో మొక్కు తీర్చుకుని, మెదక్ చర్చిలో కొవ్వొత్తి వెలిగించే కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. పట్టికలో వారందరిదీ ఒక్క గడే.

ఏ భాషలు రావాలి?

మీరు ఎంచుకున్న విషయాన్ని బట్టి ఉంటుంది. ఈ నగరం మీద పనిచేయాలంటే తెలుగుతోపాటు ఉర్దూ లిపి చదవడం తప్పనిసరి అని నా అభిప్రాయం. దక్కనీ వినికిడి ఎలాగూ మీకు ఉంటుంది. పాత దస్తావేజులకు పారశీకం, గ్రంథాలకు సంస్కృతమో అరబ్బీయో పాలీయో కావాలి. అనువాదాలతో మొదలుపెట్టవచ్చు, వాటితోనే ఆగిపోకూడదు.

హైదరాబాదులో ఈ చదువుకు ఎక్కడికి వెళ్లాలి?

'మతాల అధ్యయనం' అన్న పేరుతో శాఖలు మన దేశంలో తక్కువ. పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయంలో 1967లో ఏర్పడినది తొలినాటివాటిలో ఒకటి. ఇక్కడ ఈ విషయం వేరువేరు తలుపుల వెనక ఉంటుంది. ఉస్మానియాలోనూ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ ఇస్లామిక్ స్టడీస్ ఉంది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం, చరిత్ర, మానవశాస్త్రం, జానపద సంస్కృతి అధ్యయనాల ద్వారా ఇటువైపు రావచ్చు. 1930లో లాహోరులో మొదలై 1971లో ఇక్కడికి తరలివచ్చిన హెన్రీ మార్టిన్ సంస్థ శివరాంపల్లిలో ఉంది; క్రైస్తవ సంస్థగా పుట్టి, ఇస్లాం అధ్యయనానికీ మతాల మధ్య సంభాషణకూ పేరు తెచ్చుకుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఖురాను చేతిరాత ప్రతులు, తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాలయంలో మొగలు, నిజాం కాలాల కాగితాలు ఉన్నాయి. సెలవురోజున కొలనుపాక జైన దేవాలయానికో, ఫణిగిరి బౌద్ధ స్థలానికో వెళ్లిరండి. ఈ నేలమీద ఏ మతం ఎంతకాలం బతికిందో చెప్పే పాఠం అక్కడ రాళ్లమీదే ఉంది.

క్షేత్ర పరిశోధనకు వెళ్లినప్పుడు పాటించవలసిన మర్యాదలేమిటి?

ముందు అనుమతి అడగండి, ఎందుకొచ్చారో దాచకండి. ఫోన్ బయటికి తీసేముందు మరోసారి అడగండి, ముఖ్యంగా పూనకం వచ్చినవారిని, మాతం చేసేవారిని ఫొటో తీసేటప్పుడు. ప్రసాదమిస్తే తీసుకోవాలా వద్దా అన్నది ముందే ఆలోచించుకుని వెళ్లండి. ఒకసారి నేను తటపటాయించి చేయి వెనక్కి తీసుకున్నందుకు, ఆ ముసలమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, ఆ రోజు రాసుకున్న పుస్తకం దాదాపు ఖాళీ. చెప్పినవారి పేర్లు, వారు కోరితే తప్ప, రాతలోకి తేకండి.

ఈ చదువుతో ఉద్యోగాలు వస్తాయా?

బోధన, పరిశోధన, మ్యూజియంలు, అభిలేఖాలయాలు, పత్రికా రంగం, అనువాదం, వారసత్వ కట్టడాల పరిరక్షణ వంటివాటిలో వస్తాయి, ఎక్కువగా రావు. ఇంజనీరింగుతో పోల్చి అడిగే తల్లిదండ్రులకు నేను మరోమాట చెప్పలేను. దీనిని ప్రధాన విషయంగా తీసుకోవడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే, చరిత్రో సమాజశాస్త్రమో తీసుకుని, పరిశోధన దశలో ఇటువైపు తిరగవచ్చు. నాకు తెలిసినవారిలో ఎక్కువమంది వచ్చిన దారి అదే.